ఊరికి వచ్చిన పనిబడి

శిక్షణాలయమును చూడవచ్చిన పెద్దలను నిర్వాహకులు సామాన్యముగా ముఖద్వారమున ఎదుర్కొని, క్రొత్తగా రంగువేసిన గోడలను, వరుసగా అమర్చిన కంప్యూటరులను, ప్రారంభోత్సవపు శిలాఫలకమును చూపి, తేనీరిచ్చి సాగనంపుదురు. నేనట్టి చోటులకు పోయినపుడెల్ల, వారి అనుమతితోడనే, కర్మశాల వెనుకకు నడచి గోడనానుకొని పడియుండు తుక్కుకుప్పను చూచివచ్చుట చాలకాలముగా అలవాటు చేసికొంటిని. వెల్డింగు నేర్పుచోట ఆ కుప్పలో వ్రేలెడు మిగిలిన రాడ్డుకొనలు, అతికించి విరుగగొట్టి పరీక్షించిన ఇనుపపట్టీలు, గీకి రాల్చిన స్లాగు పెచ్చులు ఉండవలయును. ఫిట్టరుపని నేర్పుచోట కొలత తప్పినందున పారవేసిన ముక్కలు పదులకొలది కానరావలయును. తప్పు చేయుటకు చాలినంత ఇనుము దొరకనిచోట పిల్లవానికి పని పట్టుబడదు. ఒక పట్టణమున నేను చూచిన కేంద్రమున తుక్కుకుప్పయే లేదు. ప్రాంగణము అద్దమువలె శుభ్రముగా నుండెను. లోనికి పోయి విచారింపగా, త్రీఫేజు కరెంటు రాని కారణమున లేతు మిషను తెరచిన నాటినుండియు టార్పాలిను క్రిందనే యున్నదనియు, విద్యార్థులు నల్లబల్లమీద దాని బొమ్మను గీసికొని భాగముల పేర్లు వల్లించుచున్నారనియు తెలిసెను. ఆ బాలురు నేనడిగిన ప్రతి భాగమునకును పేరు తడుముకొనక చెప్పిరి. వారి జ్ఞాపకశక్తికి ముచ్చటపడవలెనో, వారి సంవత్సరము వ్యర్థమగుచున్నందులకు దుఃఖింపవలెనో నాకు తోచలేదు.

పనిబడులు నిజముగా పని నేర్పుచున్నవా యను ప్రశ్నను మొత్తముగా సమీక్షింపవలసిన అదను ఇప్పుడు వచ్చినది. 2025లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములను, పరిశ్రమలను భాగస్వాములనుగా చేసికొని, 60,000 కోట్ల రూపాయల వ్యయముతో 1,000 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను పునరుద్ధరించుటకు పూనుకొన్నది. అంతకు ముందటి సంవత్సరమే తెలంగాణ ప్రభుత్వము టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రములుగా మార్చు పనికి ఉపక్రమించి, నైపుణ్య విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపనయు చేసినది. ఒకప్పుడు వంతెన, ఆసుపత్రి, జూనియరు కళాశాల అను మూడింటికొరకు అర్జీలు పెట్టుకొనుచుండిన మండలముల ప్రజలు నేడు వానిసరసన శిక్షణకేంద్రమును చేర్చి అడుగుచున్నారు. ఆ కోరిక న్యాయమైనది. పదవతరగతి గట్టెక్కి, ఇంటరు నడుమ మాని, తండ్రి సాగుచేయు రెండెకరముల మీద ఆశ పెట్టుకొనలేక, పట్టణమునకు పోయిన ఏ పనికైనను అనుభవమున్నదా అని అడుగు యజమానుల ఎదుట తలవంచుకొని నిలుచు యువకులు లేని ఊరు మనకు అరుదు. పనిబడి తెరచినందువలన వీరి ఆశ ఎంతవరకు ఫలించుచున్నది, ఫలింపనిచోట అడ్డమేమి, అన్న విషయమునే నేనిచట విచారింపబూనితిని.

చేతిపనిని బడిలో నేర్పవచ్చునను భావము మనకు చాల ప్రాతది కాదు. కమ్మరి కొడుకు కొలిమితిత్తి నొత్తుచు, వడ్రంగి కొడుకు బాడిసకు పదును పెట్టుచు, తండ్రి చేతివాటమును చూచిచూచి తన చేతికి తెచ్చుకొనెడివాడు. ఆ పద్ధతి విద్యను శతాబ్దములపాటు చెడకుండ కాపాడినది గాని, దానిని కులపు గడప దాటనీయలేదు. ఆ గడపను దాటించుటకు తెలుగునేలపై జరిగిన తొలి ప్రయత్నములలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలను ప్రత్యేకముగా స్మరింపవలెను. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ప్రభృతుల పూనికతో వెలసిన ఆ విద్యాలయమున వడ్రంగము, నేత మొదలగు పనులు పుస్తకవిద్యతో ఒకే కప్పుక్రింద చేరినవి. అచట ప్రమోదకుమార ఛటర్జీ కుంచె పట్టించిన శిష్యులలో అడివి బాపిరాజుగారొకరు. హనుమంతరావుగారు 1922లో కన్నుమూయువరకు తమ సర్వస్వమును ఆ సంస్థకే ధారపోసిరి. తరువాత 1937లో వార్ధాలో గాంధీమహాత్ముని సంకల్పానుసారముగా జాకిర్ హుస్సేనుగారి సంఘము రూపొందించిన మౌలికవిద్యా ప్రణాళికకూడ ఈ భావమునకే మరియొక రూపము. రెంటికిని ప్రజల గౌరవము లభించినది. కాని పిల్లవానిని గుమాస్తాగా చూడగోరు తలిదండ్రుల మనస్సు మారలేదు, అది నేటికిని పూర్తిగా మారినదనజాలము.

నేడు మనము ఐ.టి.ఐ. యని పిలుచు వ్యవస్థకు మూలము వేరు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి సైన్యమునుండి మరలివచ్చువారికి బ్రతుకుతెరువు చూపుటకై 1945లో పునరావాస, ఉపాధి డైరెక్టరేటు ఏర్పడినది. దాని ఆధ్వర్యముననే 1950లో చేతివృత్తుల శిక్షణపథకము సుమారు 50 సంస్థలతో ఆరంభమైనది. 1956లో వాని పరిపాలన రాష్ట్రముల చేతికి వచ్చినది. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చి, బడిలో నేర్చినవానిని కర్మాగారము కొంతకాలము దగ్గర పెట్టుకొని పని నేర్పవలెనను విధిని ఏర్పరచినది. ఆ 50 నేడు దేశమంతట దాదాపు 15,000 అయినవి. వానిలో నాలుగింట మూడువంతులకు పైగా ప్రైవేటువి. సంఖ్య ఇంతగా పెరిగినను, 2015నాటి జాతీయ నైపుణ్యవిధానపత్రము స్వయముగా చెప్పుకొన్న లెక్క ప్రకారము, మన శ్రామికులలో విధివిహితమైన శిక్షణ పొందినవారు నూటికి 4.69 మంది మాత్రమే; అదే పత్రము జర్మనీకి 75, జపానుకు 80, దక్షిణకొరియాకు 96 చూపినది. ఈ పోలికను కొంత జాగరూకతతో గ్రహింపవలెను. మన మేస్త్రీలు, ఉస్తాదులు ఏ బడికిని పోక నేర్చినవారు. లెక్కలో లేకపోయినంత మాత్రమున వారికి విద్య లేదనరాదు.

విద్య చేతికి ఎట్లు వచ్చునో ఒకింత దగ్గరనుండి చూచినగాని తక్కిన చర్చకు ఆధారము చిక్కదు. ఫిట్టరు ట్రేడులో చేరిన బాలునికి తొలివారములలో ఇచ్చు పని చూచువారికి మిక్కిలి నిస్సారముగా తోచును: ఒక ఇనుపముక్కను వైసులో బిగించి, ఆకురాయితో రాచి, నాలుగంచులును సమకోణమునకు తీసికొనిరావలెను. బాలుడు మొదట భుజముతో త్రోయును, ఆకురాయి ఊగును, అంచు నడుమ ఉబ్బి, కొనలు వాలిపోవును. బోధకుడు మూలమట్టమును అంచునకానించి కిటికీవైపు ఎత్తి పట్టుమనును. ఇనుమునకును మట్టమునకును నడుమ సన్నని వెలుతురు తొంగిచూచును. ఆ వెలుతురు మాయమగువరకు రాయవలెను. పాదములు ఎట్లు నిలుపవలెనో, ముందునకు త్రోయునపుడు ఏ చేతిమీద బరువు హెచ్చింపవలెనో, వెనుకకు తీయునపుడు ఎట్లు తేలికచేయవలెనో నోటితో చెప్పుటకు ఐదు నిముషములు చాలును. చేతికి అలవడుటకు నెల పట్టును. వెల్డింగులోను ఇంతే. తొలిరోజున రాడ్డు ఇనుమునకు అంటుకొనిపోవును, లేదా ఆర్కు ఆరిపోవును. బాలుడు ముసుగులోపల చెమటతో తడిసి విసిగిపోవును. కొన్ని దినములు గడచిన పిదప, కాగిన నూనెలో బజ్జీలు వేగునట్టి ఎడతెగని చప్పుడు వినవచ్చినపుడు ప్రక్క గదిలోనున్న బోధకుడు తల యెత్తక మునుపే, వీనికి చేయి కుదిరినదని గ్రహించును. ఆ చప్పుడునకు ముందు ఎన్ని కట్టల రాడ్లు కాలినవో లెక్కించి చూచినచో శిక్షణకగు వ్యయము యథార్థస్వరూపము తెలియును. భవనమునకు, యంత్రమునకు నిధులు ఒక్కసారిగా వచ్చును; రాడ్లకు, ఇనుమునకు, రంపపు బ్లేడ్లకు ప్రతినెలయు కావలయును, ఆ పద్దునే మన అధికారులు మొదట తగ్గింతురు.

ఈ దృష్టితో చూచినపుడు గత పదునైదేండ్ల స్వల్పకాలిక శిక్షణల తీరు మనస్సును కలతపెట్టును. 2008లో జాతీయ నైపుణ్యాభివృద్ధి కార్పొరేషను ఏర్పడినది. 2014లో ప్రత్యేక మంత్రిత్వశాఖ వచ్చినది. 2015 జూలై 15న స్కిల్ ఇండియా ఉద్యమమును ప్రకటించిరి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన తొలిదశలో 24 లక్షల మందిని, రెండవదశలో 12,000 కోట్లతో నాలుగేండ్లలో కోటిమందిని లక్ష్యముగా పెట్టుకొనిరి. ఆ దశలలో తరగతులు ప్రాయికముగా 150 మొదలు 300 గంటలవి, ఐ.టి.ఐ.లో వెల్డరు చదువు ఒక్క సంవత్సరమునకు 1,200 గంటలు. శిక్షణసంస్థకు అప్పుడు సొమ్ము చెల్లించిన విధానము మరింత ఆలోచింపదగినది: తరగతి మొదలైనప్పుడు నూటికి 30, సర్టిఫికెట్టు వచ్చినప్పుడు 50, ఉద్యోగము దొరకినప్పుడు 20. అనగా విద్యార్థికి ఉద్యోగము దొరకకున్నను సంస్థకు ఐదింట నాలుగువంతులు ముట్టుచుండెను. ఇట్టి ఏర్పాటున నిజాయితీపరుడైన నిర్వాహకుడు సయితము చేర్చుకొనుటయందును పరీక్షయందును శ్రద్ధ వహించి, తరువాతి గతిని విధికి వదలిపెట్టుట వింత కాదు. సర్టిఫికెట్టు పొందినవారిలో సగముకంటె తక్కువ మందికే ఉద్యోగములు దొరకినవి. శారదాప్రసాద్‌గారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఈ వ్యవస్థను పరిశీలించి, యువకులకు తగిన ఉపాధియు పరిశ్రమలకు తగిన పనివారును చేకూరలేదని నిష్పక్షపాతముగా వ్రాసినది.

అన్ని స్వల్పకాలిక శిక్షణలును నిష్ఫలములని నా అభిప్రాయము కాదు. 1982లో కర్ణాటకమున ఉజిరెలో ధర్మస్థల క్షేత్రము వారు సిండికేటు, కెనరా బ్యాంకులతో కలిసి స్థాపించిన రూడ్‌సెట్ సంస్థ చూపిన మార్గము అత్యంత ప్రశంసనీయము. అచటి విధానము ననుసరించి ఇప్పుడు జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల యాజమాన్యమున గ్రామీణ స్వయంఉపాధి శిక్షణసంస్థలు నడచుచున్నవి. తరగతి పది రోజులైనను నలుబదియైదు రోజులైనను భోజనవసతులతో ఉచితముగా సాగును. కాని దాని ప్రాణము తరగతిలో లేదు. శిక్షణ ముగిసిన పిదప రెండేండ్లపాటు ఆ సంస్థ ఉద్యోగి అభ్యర్థి గడపత్రొక్కి, అప్పు మంజూరైనదా, కుట్టుమిషను తిరుగుచున్నదా, సెల్‌ఫోను మరమ్మతు దుకాణము తెరచినాడా యని విచారించును. బ్యాంకు మేనేజరు మొగము తెలియని పల్లెటూరి పిల్లకు ఈ విచారణ ఎంత ధైర్యమిచ్చునో వారి యిండ్లకు పోయినవారికే తెలియును. మన ఉమ్మడిరాష్ట్రమున గ్రామీణాభివృద్ధిశాఖ 2005లో నెలకొల్పిన ఉపాధికల్పన మిషను సయితము గ్రామీణ యువకులను వసతితోకూడిన తరగతులలో ఉంచి, నేరుగా కొలువులలో చేర్చుటకు కృషి చేసినది; 2014లో కేంద్రము ఆరంభించిన దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన శిక్షణపొందినవారిలో నూటికి 70 మందికైనను ఉద్యోగము చూపవలెనని, మూడవవంతు స్త్రీలుండవలెనని నియమము పెట్టినది.

కర్మాగారమే ఊరి పొలిమేరకు వచ్చినచోట ప్రశ్న మరియొక రూపము ధరించును. వేరుసెనగ పైరును, రాని వానమబ్బును నమ్ముకొనియున్న అనంతపురము సీమలో, పెనుకొండ చేరువ ఎర్రమంచివద్ద ఏటికి 3 లక్షల కార్లు తయారుచేయగల కియా కర్మాగారమునకు 2017లో ఒడంబడిక జరిగి, 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు బయటికి వచ్చినది. రెండేండ్ల వ్యవధిలో కర్మాగారము లేవగలదు. పైరు చేసిన చేయి రోబోటుప్రక్కన నిలిచి పనిచేయుటకు ఆ వ్యవధి చాలునా యన్నది ఆ చుట్టుపట్ల ప్రతియింటను వినబడిన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే సంవత్సరమున, పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే ఇవ్వవలెననియు, అర్హులు లేనిచోట మూడేండ్లలోపల వారికి శిక్షణనిచ్చి తీసికొనవలెననియు చట్టము చేసినది. ఆ చట్టపు తొలిభాగముపై వాదోపవాదములు మిక్కుటముగా జరిగినవి. రెండవభాగము, అనగా శిక్షణభారము యజమానికిని ఉన్నదను సూత్రము, పత్రికలలో రెండు వాక్యములకు మించి చోటు సంపాదించుకొనలేదు. నాకది మొదటిదానికంటె విలువైనదిగా తోచుచున్నది. జర్మనీ దేశపు విద్యార్థి వారములో కొన్నిదినములు బడిలోను, తక్కినవి కర్మాగారములోను గడపుననియు, ఆ కాలమున యజమాని అతనికి జీతమిచ్చుననియు మన ఉపన్యాసకులు తరచు చెప్పుదురు. అచట 1969నాటి చట్టము ఆ భారమును ఎవరెంత మోయవలెనో స్పష్టపరచినదన్న మాటను మాత్రము చెప్పరు.

ఇచట పలువురు యువకులు నాతో మొరపెట్టుకొన్న ఒక బాధను, ఏ ఒక్క కర్మాగారమును ఉద్దేశింపక, చెప్పక తప్పదు. ట్రైనీ యను పేరుతో ఒకచోట ఏడాది, అప్రెంటిసను పేరుతో మరియొకచోట ఏడాది, కాంట్రాక్టరు క్రింద ఇంకొకచోట ఆరునెలలు గడచును; ఎచటను జీతము ఊరిలోని దినకూలికంటె హెచ్చు కాదు, గది అద్దెయు మెస్సు ఖర్చును పోగా ఇంటికి పంపుటకు ఏమియు మిగులదు. అట్టివాడు రెండేండ్లకు ఊరు చేరి ఆటో నడుపుకొనుచున్నప్పుడు, చదువుకొని ఏమి బావుకొన్నాడను మాట ఊరిలో పుట్టును. ఆ మాట విన్న మరునాడు శిక్షణాలయములో రెండు సీట్లు ఖాళీయగును. పనివానికి విలువ ఇవ్వని యజమాని పనివారు దొరకుటలేదని వాపోవుట మన సభలలో తరచు వినబడును.

బడికి పోకనే నేర్చినవారి సంగతి ఒకటి మిగిలినది. బస్టాండు ప్రక్క మోటారుసైకిలు షెడ్డులో పండ్రెండేండ్లక్రితము చేరి, మొదట గుడ్డతో నూనె తుడిచి, ఆపై ఉస్తాదు చేయి చాచగానే 12-13 పానాయో స్క్రూడ్రైవరో చూడకయే అందించుచు, తుదకు ఇంజను చప్పుడు విని లోపము చెప్పగల యువకునికి చేతిలో కాగితము లేదు. ఆ కాగితము లేనందున జీతములో కోతయు, విదేశములకు పోవునపుడు చిక్కులును కలుగుచున్నవి. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫుకు పోవు పనివారిలో అనేకులు చేతిలో పనియుండియు కూలీలుగానే లెక్కకు వచ్చుటకు ఇదియొక కారణము. పూర్వానుభవమును గుర్తించి సర్టిఫికెట్టు నిచ్చు విధానమును ప్రభుత్వము ప్రవేశపెట్టినది. 2023 సెప్టెంబరులో మొదలైన విశ్వకర్మ యోజన 18 చేతివృత్తులవారికి దినమునకు 500 రూపాయల భత్యముతో కొద్దిదినముల శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయలును ఇచ్చుచున్నది. ఇవి మంచివే, కాని ఆ ఉస్తాదును విద్యార్థిగా పిలుచుటకు మారుగా బోధకుడుగా పిలిచిన శిక్షణాలయమును నేనింకను చూడలేదు. బోధకుల పోస్టులు ఏండ్లతరబడి ఖాళీగానుండి, ఉన్నవారు ఒప్పంద జీతములపై నెట్టుకొని వచ్చుచుండగా, ఆ పట్టణముననే అర్ధమైలు దూరమున ముప్పదియేండ్ల అనుభవము షెడ్డుక్రింద కూర్చుండియున్నది. డిగ్రీ లేదను ఒక్క నెపమున దానిని కాదనుకొనుట వలన విద్యార్థులకు కలుగుచున్న నష్టమునకు లెక్కగట్టినవారు లేరు.

ఈ విచారణకెల్ల ప్రధానమైనదిగా నేను తలచు విషయమును తుదకు ఉంచితిని. శిక్షణకేంద్రమునకు స్థలము నిర్ణయించునపుడు ఉచితముగా దొరకు భూమి ఎచటనున్నదని చూతురు. అది తరచు ఊరికి మూడు నాలుగు మైళ్ల దూరమున, గుట్టప్రక్కన, బస్సు ఆగనిచోట ఉండును. మగపిల్లవాడు ఎవరి బండి వెనుకనో ఎక్కి రాగలడు. ఆడపిల్ల చేరదు; చేరినను చలికాలమున చీకటి ముందుగా పడునప్పటికి మానివేయును. ఆ పిదప నిర్వాహకుడు ఆడపిల్లలకు ఈ ట్రేడులయందు ఆసక్తి లేదని నివేదిక వ్రాయును. శ్రీసిటీవంటి చోట సెల్‌ఫోనుల తయారీలో చుట్టుపట్ల పల్లెల స్త్రీలు వేలకొలది పనిచేయుచుండగా, కంపెనీబస్సు ఇంటిదాపునకు వచ్చి తీసికొనిపోవుచుండగా, ఆసక్తి లేదను మాటను ఎవరు నమ్మవలెను? మరుగుదొడ్డికి తలుపు గడియ, త్రాగునీరు, హాస్టలులో వార్డెను, ప్రాంగణమున దీపము, ఇవి యంత్రముల జాబితాలో చేరవు గనుక అంచనాలలో చోటు దొరకనివి.

గత ఏడు నేనొక మండలకేంద్రమున క్రొత్తగా తెరచిన పనిబడిలో కూర్చుండియుండగా, పొలముపనినుండి నేరుగా వచ్చిన ఒక తల్లి, కొంగుతో మొగము తుడుచుకొనుచు, కూతును ఎలక్ట్రీషియను తరగతిలో చేర్పింపవచ్చినది. ఫీజెంతయని గాని, ఉద్యోగమెచట వచ్చునని గాని ఆమె అడుగలేదు. గుమ్మమువద్దనే నిలిచి, “సారూ, మా ఊరికి ఆఖరి బస్సు అయిదింటికే పోతది, అప్పటికి పిల్లను వదుల్తారా?” అని అడిగెను. తరగతులు అయిదున్నరవరకు జరుగుచుండెను. బోధకుడు కొంతసేపు మాటాడక గోడమీది వేళలపట్టికవైపు చూచి, లేచిపోయి, తక్కిన ఇరువురు ఉపాధ్యాయులతో మాటాడి వచ్చి, సుద్దముక్కతో తలుపుమీద అయిదున్నరను కొట్టివేసి నాలుగుముప్పావు అని వ్రాసెను. ప్రొద్దుటి తరగతి ముప్పావుగంట ముందుకు జరిగినది.